పిడే ఒరగా ఉన్న కత్తి: స్పానిష్ నవాహ – సేకరణ, ప్రదర్శన, కథనం

వ్యాససంగ్రహం:
స్పెయిన్ దేశపు సంప్రదాయ మడతకత్తిని 'నవాహ' అంటారు. ఒకనాడు సామాన్యుల నడుముపట్టీలో ఉండిన ఈ కత్తి పెద్ద రూపం నేడు ప్రధానంగా సేకర్తల గాజుబీరువాల్లో, ప్రదర్శనశాలల్లో కనిపిస్తుంది. సేకరణ వల్లనే ఈ సంప్రదాయం నిలిచిందనే సాధారణాభిప్రాయాన్ని ఈ వ్యాసం ప్రశ్నిస్తుంది. నిషేధశాసనాలూ, విదేశీ యాత్రికుల రచనలూ కలిసి ఈ కత్తిని చూపుడువస్తువుగా మలచిన తీరును ముందుగా పరిశీలించి, ఆ నేపథ్యంలో ప్రోస్పేర్ మెరిమే 'కార్మెన్' (1845), హోర్హే లూయిస్ బోర్హెస్ 'ఎల్ ఎన్‌క్వెంత్రో' (1970) కథల్లో కత్తి నిర్వహించిన పాత్రను చర్చిస్తుంది.

కీలకపదాలు: నవాహ, మడతకత్తి, సేకరణ, ప్రదర్శన, వస్తుసంస్కృతి, మెరిమే, బోర్హెస్.

1. ఉపోద్ఘాతం

'చాకు' అనగానే తెలుగు పాఠకునికి పెన్సిలు చెక్కే, పండు కోసే చిన్న వస్తువు తలపుకు వస్తుంది. 'కత్తి' అన్నప్పుడు వంటింటి కత్తి మొదలు ఖడ్గం దాకా అర్థం విస్తరిస్తుంది. ఈ రెండు మాటల నడుమ ఇమడని వస్తువు ఒకటి ఉంది. అది చాకులాగా మడతపడుతుంది, కానీ జేబులో పట్టదు; విప్పితే బాకంత పొడవు ఉంటుంది, కానీ ఏ సైనికుడూ దాన్ని ఆయుధంగా ధరించలేదు. స్పెయిన్‌లో దాని పేరు నవాహ. లాటిన్‌లో మంగలికత్తిని సూచించే 'నొవాకులా' శబ్దం నుంచి ఈ మాట పుట్టింది. నేటికీ స్పానిష్ భాషలో గడ్డం గీసే కత్తికి ఇదే పదం వాడుక. అంటే పేరు పుట్టుకలోనే ఇది పనిముట్టు.

నవాహ నిర్మాణాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. కొమ్ముతోనో ఎముకతోనో కర్రతోనో చేసిన పిడి కొద్దిగా వంగి, తోకవైపు సన్నబడుతుంది. ఇత్తడి పట్టీలు దాన్ని బిగించి ఉంచుతాయి. అలుగు మొదట సన్నగా, నడుమ చేపపొట్టలా వెడల్పై, చివర మొనతేలి ఉంటుంది. పిడి వెన్నుమీద బిగించిన ఉక్కుబద్ద అలుగును పట్టి ఉంచుతుంది. దాన్ని ఎత్తితేగాని కత్తి మడతపడదు. కొన్ని రకాల్లో అలుగు మడమకు పండ్లు కోస్తారు. విప్పేటప్పుడు ఒక్కొక్క పన్నూ బద్దకు తగిలి వరుసగా టకటకమని చప్పుడు చేస్తుంది. స్పానిష్ వాళ్లు దీన్ని 'కర్రాకా' అంటారు. గిలకలాంటి చప్పుడుపరికరానికి కూడా అదే పేరు. అలుగును నిలిపి ఉంచడానికి ఒక్క పన్ను చాలు. మిగిలిన పండ్లు చెవి కోసం ఉన్నవి. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. చూపడం, వినిపించడం అనేవి ఈ కత్తికి సేకర్త చేతికి చిక్కిన తర్వాత అబ్బిన గుణాలు కావు. అవి దాని యంత్రాంగంలోనే ఉన్నాయి.

పెద్ద మడతకత్తుల సేకరణ గురించి వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం సేకర్తలు తమ తోటి సేకర్తల కోసం రాసుకున్నవి. కొలతలు, ముద్రలు, కాలనిర్ణయాలు వాటిలో పుష్కలం. విలువైన సమాచారమే. అయితే వాటన్నిటిలోనూ ఒక కథనం మార్పులేకుండా తిరుగుతూ ఉంటుంది: ఖడ్గధారణ ప్రభువర్గానికే పరిమితం కావడంతో సామాన్యుడు మడతకత్తిని తన ఖడ్గంగా చేసుకున్నాడు; కాలం మారి అది మరుగున పడిపోతుంటే సేకర్త దాన్ని కాపాడాడు. వినడానికి సొంపైన కథనం. దీని రెండు భాగాలూ పరీక్షకు నిలవవని నా అభిప్రాయం.

2. శాసనం చూసిన కత్తి

మొదటి భాగాన్ని చూద్దాం. పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్ రాజులు చిన్న ఆయుధాలపై పదేపదే నిషేధాలు విధించారు. పదేపదే విధించవలసి వచ్చిందంటేనే అవి ఎంతవరకు అమలయ్యాయో ఊహించవచ్చు. మూడో కార్లోస్ 1761లో వెలువరించిన శాసనం వీటిలో ప్రసిద్ధమైనది. అందులో నిషిద్ధవస్తువుల పట్టిక ఉంది. చిన్న తుపాకులతో పాటు, బద్దతో బిగుసుకొని నిలిచే మడతకత్తి, బాకు, మొనదేలిన ఏ కత్తి అయినా, అది చిన్నదైనా పెద్దదైనా, వంటింటిదైనా జేబులోదైనా సరే, ఆ పట్టికలో చేరింది. శాసనకర్త కత్తిని ఆకారాన్ని బట్టి గుర్తించలేక అవస్థపడటం ఈ పట్టికలో కనిపిస్తుంది. వంటకత్తికీ హంతకుని కత్తికీ భేదం పట్టుకున్న చేతిలోనే ఉంది; శాసనానికి చేయి కనిపించదు, వస్తువే కనిపిస్తుంది.

మన చర్చకు అంతకన్నా ముఖ్యమైనది శిక్షల భాగం. నేరం రుజువైతే ప్రభువంశీయునికి ఆరేళ్ల కోటఖైదు, సామాన్యునికి ఆరేళ్ల గనిచాకిరి. అంటే ఈ నిషేధం ఇరువర్గాలకూ వర్తించింది. ప్రభువంశీయులు కూడా ఈ కత్తులు దాచుకు తిరిగేవారని శాసనం అంగీకరించినట్టే. వర్గభేదం కత్తిలో లేదు, శిక్షలో ఉంది. 'సామాన్యుని ఖడ్గం' అనే బిరుదును సేకర్తలు నవాహకు తగిలించినప్పుడు అసలైన అసమానతను తప్పు చోట చూపుతున్నారు. గనిలో చచ్చినవాడిని మరుగుపరచి, కత్తికి మాత్రం ప్రజాస్వామిక గౌరవం అంటగట్టడం ఇది.

3. యాత్రికుల చూపు

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కత్తిని చూసే కళ్లు మారాయి. నెపోలియన్ యుద్ధాల తర్వాత స్పెయిన్ ఫ్రెంచి, ఆంగ్ల రచయితలకు యాత్రాస్థలంగా తెరుచుకుంది. రిచర్డ్ ఫోర్డ్ 1845లో ప్రచురించిన యాత్రికుల కరదీపికలో అల్బసెతే పట్టణాన్ని ఇంగ్లండులోని షెఫీల్డుతో పోల్చాడు. పోలికలో వ్యంగ్యం పాలు ఎక్కువ. 1840లో స్పెయిన్ తిరిగిన తెయొఫీల్ గోతియే మాత్రం ఈ కత్తులను ముచ్చటపడి వర్ణించాడు. చిల్లులు కోసిన ఇత్తడి పిడి, ఆ చిల్లుల్లోంచి తొంగిచూసే రంగురంగుల రేకులు, అలుగుమీద చెక్కిన మాటలు ఆయనను ఆకర్షించాయి. తానొక్కరి సొత్తునేననీ, తన కాటుకు ఏ మందుల అంగట్లోనూ మందు దొరకదనీ కత్తే మాట్లాడుతున్నట్టుగా ఆ చెక్కడాలు ఉంటాయి.

ఈ చెక్కడాలను విమర్శకుడు తేలికగా దాటిపోకూడదు. దాచిపెట్టి హఠాత్తుగా తీయవలసిన ఆయుధానికి వ్రాత అవసరం లేదు. వ్రాత ఉన్నదంటే చదివేవాడు ఉన్నాడని అర్థం. ఆ చదువరి ఎవరు? కడుపులో పోటు తిన్నవాడికి చదివే తీరిక ఉండదు. అంగట్లో కత్తిని అటూయిటూ తిప్పి చూసే కొనుగోలుదారుడు, మద్యశాలలో బల్లమీద విప్పిపెట్టిన కత్తిని చూసే పక్కవాడు, చివరికి గోతియేవంటి యాత్రికుడు: వీళ్లే దాని పాఠకులు. అలంకృత నవాహ ఆనాటికే ప్రేక్షకుని ఉద్దేశించిన రచన.

1849లో మాడ్రిడ్‌లో ఒక విచిత్రమైన చిన్న పుస్తకం వెలువడింది. నవాహ, కత్తి, జిప్సీల కత్తెర ప్రయోగించే కళను బోధించే 'మనువాల్ దెల్ బరతేరో' అది. రచయిత పేరు బదులు పొడి అక్షరాలే అచ్చయ్యాయి. జైళ్లలో, జూదశాలల్లో ఆటగాళ్ల నుంచి బలవంతపు వాటా వసూలు చేసే రౌడీని 'బరతేరో' అంటారు. ప్రభువుల ఖడ్గవిద్యకు శాస్త్రగ్రంథాలు ఉన్నట్టే వీధికత్తికీ అడుగుల లెక్కలు, నిలబడే భంగిమలు ఈ పుస్తకం చెబుతుంది. ఇది నిజంగా నేర్పడానికి రాసిందా, ఖడ్గశాస్త్రాలను ఎగతాళి చేయడానికి రాసిందా అన్నది చదివేవారికి సందేహంగానే మిగులుతుంది. నా మట్టుకు రెండూ ఉన్నాయనిపిస్తుంది. జైలుగదిలో కత్తి దూసేవాడు పుస్తకం కొని నేర్చుకోడు. కొన్నవాడు చాలావరకు ఇంట్లో కూర్చుని చదివే మధ్యతరగతి పాఠకుడే అయి ఉండాలి. ఈనాటి సేకర్తలు ఈ పుస్తకాన్ని ప్రామాణిక యుద్ధశాస్త్రంగా ఉటంకించేటప్పుడు ఈ చిక్కును గమనించడం లేదు.

1860ల ఆరంభంలో బారన్ దవిలియేతో కలిసి స్పెయిన్ పర్యటించిన గుస్తావ్ దొరే నవాహ ద్వంద్వాలను చిత్రాలుగా చెక్కాడు. ఎడమచేతికి చుట్టుకున్న అంగీ, వంగిన మోకాలు, ముందుకు చాచిన కత్తి కలిసిన ఈ భంగిమ ఆ చిత్రాలతో యూరప్ కళ్లలో స్థిరపడింది. ఇంతలో 1855లో అల్బసెతేకు రైలు వచ్చింది. నడుముపట్టీ నిండా కత్తులు గుచ్చుకుని, ఆగిన రైలుపెట్టెల వెంట తిరిగి అమ్మే కత్తివ్యాపారి ఆ స్టేషనుకు గుర్తుగా మారాడు. నేడు ఆ పట్టణం నడిబొడ్డున అతనికి విగ్రహం ఉంది. రైలు ఆగే కొద్ది నిమిషాల్లో కొనేవాడు అలుగు ఉక్కును ఎలా పరీక్షిస్తాడు? మెరుపు చూస్తాడు, చప్పుడు వింటాడు, పరిమాణానికి ఆశ్చర్యపడతాడు. కొయ్య చెక్కడానికో రొట్టె కోయడానికో ఎవరూ మోచేతి పొడవు మడతకత్తిని కొనరు. నవాహ పెరగడానికి యుద్ధావసరం ఎంత కారణమో, ఈ కిటికీవ్యాపారం కూడా అంత కారణమని నా ఊహ. దీన్ని ఊహగానే చెబుతున్నాను. అంగళ్ల లెక్కపుస్తకాలు పరిశీలించిన తర్వాతే ఎవరైనా నిర్ధారించగలరు.

4. మెరిమే కథలో మూడు కత్తులు

మెరిమే 'కార్మెన్'ను సాధారణంగా బిజే సంగీతనాటకం (1875) ద్వారానే గుర్తుచేసుకుంటారు. ఆ నాటకం చివర ఎద్దులపోరు ప్రాంగణం బయట, లోపలి జనఘోష వినబడుతుండగా కత్తి మెరుస్తుంది, కార్మెన్ కూలుతుంది. రంగస్థలానికి ఆ మెరుపు కావాలి. మూలకథలో మెరుపు లేదు. అక్కడ కత్తులు మూడు సందర్భాల్లో వస్తాయి. మూడింటినీ వరుసలో పెట్టి చదివితే, కత్తి అనే వస్తువు గురించి మెరిమే ఆలోచించినంత లోతుగా ఏ సేకరణగ్రంథమూ ఆలోచించలేదని తెలుస్తుంది.

మొదటిది సెవిల్ పొగాకు కర్మాగారంలో. మాటామాటా పెరిగి కార్మెన్ తోటి కార్మికురాలి ముఖంమీద శిలువగాట్లు పెడుతుంది. దేనితో? చుట్టల కొసలు కత్తిరించే తన పనికత్తితో. కర్మాగారం యాజమాన్యం ఆమె చేతికిచ్చిన జీవనోపాధి అది. పనిముట్టు ఒక్క క్షణంలో ఆయుధమైపోయింది. ఇక్కడ కత్తికి వర్ణన లేదు. పిడి ఎలాంటిదో, అలుగు ఎంతో మెరిమే చెప్పడు. అది చేసే పని మాత్రమే చెబుతాడు.

రెండోది దోన్ హోసెకూ, కార్మెన్ భర్త అయిన ఒంటికన్ను గర్సియాకూ మధ్య పోరు. ఇక్కడ రచయిత భంగిమలు వర్ణిస్తాడు. గర్సియా ఎలుకమీదికి దూకబోయే పిల్లిలా వంగి, ఎడమచేతిలో టోపీని అడ్డుగా పట్టి, కత్తి ముందుకు చాచి నిలబడతాడు. అది అందలూసియా పద్ధతి. హోసె తన నవార్రా ప్రాంతపు పద్ధతిలో ఎడమకాలు ముందుంచి, కత్తిని కుడితొడకు ఆనించి నిటారుగా నిలుస్తాడు. ఇంతవరకు ఇది దొరే చిత్రాలకు తగిన దృశ్యమే. కానీ ఫలితం వేరు. హోసె కత్తి గర్సియా గొంతులో దిగబడుతుంది. అతడు దాన్ని లోపల తిప్పిన బలానికి అలుగు విరిగిపోతుంది. గెలిచిన కత్తి ఇక పనికిరాదు. సేకర్త భాషలో చెప్పాలంటే, కథలో చరిత్ర గల ఒకే ఒక్క నవాహ ఆ చరిత్ర పుట్టిన క్షణంలోనే నాశనమైంది.

మూడోది కార్మెన్ హత్య. హోసె ఆమెను పొడిచింది గర్సియా కత్తితో. తనది విరిగినందున దాన్ని తీసుకున్నానని అతడే చెబుతాడు. భర్తను చంపినవాడు భర్త కత్తితోనే భార్యను చంపడంలో ఉన్న వ్యంగ్యాన్ని విమర్శకులు గుర్తించకపోలేదు. నా దృష్టిని ఆపినది ఆ తర్వాతి పని. తనను అడవిలో పాతిపెట్టాలని కార్మెన్ తరచూ కోరేది. అది గుర్తొచ్చి, హోసె అదే కత్తితో గొయ్యి తవ్వి ఆమెను అందులో పెడతాడు. పొడవడానికి రెండుపోట్లు పట్టాయి. ఒక మనిషి పట్టేంత గొయ్యి కత్తితో తవ్వడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో పాఠకుడే ఊహించుకోవాలి. మట్టీ రాళ్లూ వేళ్లూ తగిలిన ఆ అలుగు ఏమై ఉంటుంది? పదును పూర్తిగా చచ్చి ఉంటుంది. ఆయుధం మళ్లీ పనిముట్టుగా, అదీ పారగా మారింది.

పనికత్తి ఆయుధమవడంతో మొదలైన కథ ఆయుధం పనిముట్టవడంతో ముగిసింది. ఈ రెండు మలుపుల్లో ఏ ఒక్కదాన్నీ గాజుబీరువా చూపలేదు. బిజే నాటకం కూడా చూపలేదు. అందులో గొయ్యి లేదు.

కథాకథనంలో ఇంకొక అంశం ఉంది. కార్మెన్‌ను మనకు చెబుతున్నది హోసె ఒక్కడే కాదు. అతని కథను ఆవరించి ఫ్రెంచి పండితుడొకడు ఉన్నాడు. ప్రాచీన ముండా యుద్ధం జరిగిన స్థలం ఎక్కడో నిర్ధారించాలన్నది అతని పరిశోధన. కథ మొదలయ్యేది ఆ పాండిత్యచర్చతోనే. పత్రికలో అచ్చయిన తర్వాత మెరిమే చేర్చిన నాలుగో అధ్యాయం జిప్సీల భాష, ఆచారాలపై నడిచే వ్యాసం. ముందొక పరిశోధన, వెనకొక పరిశోధన, మధ్యలో ఒక స్త్రీ శవం. ఆ చివరి అధ్యాయం కథను చెడగొట్టిందని చాలామంది పాఠకులు భావిస్తారు. ఆ ఫిర్యాదుతో నేను ఏకీభవించను. అది గాజుపలక. హోసె చెప్పిన దాన్ని పండితుడు తన బీరువాలో పెట్టి, కింద చీటీ అతికించాడు. ఆ చీటీలోని శబ్దచర్చ ఎంత నిక్కచ్చిగా ఉంటే పైన ఉన్న శవం అంత దూరమవుతుంది. పరిశోధనవ్యాసాలు రాసే మనవంటివారికి ఈ అధ్యాయం ఇబ్బంది కలిగించాలి; నాకు కలిగించింది.

5. గాజుబీరువాలో శత్రుత్వం

సేకరణనే కథావస్తువుగా తీసుకున్న రచయిత బోర్హెస్. ఆయన 1970లో వెలువరించిన 'ఎల్ ఇన్ఫోర్మే దె బ్రోదీ' సంపుటిలోని 'ఎల్ ఎన్‌క్వెంత్రో' కథాస్థలం స్పెయిన్ కాదు, అర్జెంటీనా. అందులోని కత్తులు మడతపడేవీ కావు. అయినా పెద్ద కత్తిని ఇంట్లో పెట్టి అతిథులకు చూపడం అనే చర్యను ఇంత సూటిగా పరీక్షించిన కథ మరొకటి నాకు తెలియదు గనుక దీన్ని ఇక్కడ చర్చిస్తున్నాను.

కథకుడు బాల్యంలో బంధువు వెంట ఒక తోటబంగళా విందుకు వెళతాడు. పెద్దలు పేకాటలో మునిగి ఉండగా గృహస్థు ఆ పిల్లవాడికి తన కత్తుల బీరువా చూపిస్తాడు. ఆ కత్తులు పేరున్నవి. ఉక్కును బట్టి కాదు, పట్టుకున్న మనుషులను బట్టి వచ్చిన పేరు అది. ఇంతలో ఆటదగ్గర ఉరియార్తే, డంకన్ అనే ఇద్దరికి తగాదా వస్తుంది. ఆయుధాలెక్కడ అన్న ప్రశ్నకు బీరువా సమాధానమవుతుంది. ఎన్నడూ కత్తి పట్టని ఆ ఇద్దరూ వెన్నెల్లో ఆరితేరిన వారిలా పోరాడతారు. డంకన్ చనిపోతాడు, ఉరియార్తే ఏడుస్తాడు. ఏళ్ల తర్వాత కథకుడికి ఒక విశ్రాంత పోలీసు అధికారి ద్వారా తెలిసేది ఏమిటంటే, ఆ రెండు కత్తుల పూర్వ యజమానులైన అల్మాంసా, అల్మాదా ఒకరినొకరు జీవితమంతా వెతుక్కున్నారు, ఎదురుపడకుండానే చనిపోయారు. ఆ రాత్రి పోరాడింది మనుషులు కాదు, కత్తులు.

దీన్ని అద్భుతకథగా చదివి ఊరుకోవడం సులభం. కానీ బోర్హెస్ ఆ నెపాన్ని ఎవరికి అనుకూలంగా వాడుకున్నాడో చూడాలి. కత్తులే పోరాడాయంటే ఉరియార్తే నిర్దోషి. విందుకు వచ్చిన సంపన్నులందరూ నిర్దోషులు. జరిగింది బయటికి పొక్కనీయమని వాళ్లు చేసిన బాస కూడా క్షమార్హం. వస్తువుకు ఆత్మ ఉన్నదనే నమ్మకం ఇక్కడ వర్గసౌకర్యం. పశువులకాపరి రౌడీల కక్షను కొనుక్కొచ్చి హాల్లో పెట్టుకున్నవాడు, ఆ కక్ష తన అతిథిని చంపినప్పుడు తప్పు కత్తిదంటాడు. బోర్హెస్ ఈ వ్యంగ్యాన్ని ఉద్దేశించాడా అన్నది వేరే ప్రశ్న. కత్తిధీరుల పట్ల ఆయన మోహం జగద్విదితం. కథ మాత్రం రచయిత మోహాన్ని దాటిపోయింది.

ఈ కథ సేకర్తలకు ప్రీతిపాత్రమైనది కావడంలో వింత లేదు. తమ బీరువాలోని వస్తువు సజీవమని అది హామీ ఇస్తుంది. కానీ ఆ హామీకి షరతు ఉంది: బీరువా తలుపు తెరవాలి.

6. పదును పెట్టని కత్తి

తలుపు మూసి ఉంచడమే ఆధునిక సేకరణ నియమం. అమెరికాలో సంప్రదాయ జేబుకత్తుల సేకరణ బాగా స్థిరపడిన వ్యసనం. అక్కడ కత్తికి ఉత్తమస్థాయి అంటే కర్మాగారం నుంచి వచ్చినది వచ్చినట్టు, ఎవరూ జేబులో వేసుకోనిది, ఒక్కసారి కూడా సానమీద పెట్టనిది. పదును పెడితే విలువ పడిపోతుంది. పెన్సిల్వేనియాకు చెందిన కేస్ సంస్థ 1970 నుంచి అలుగు మొదట పది చుక్కలు వేసి, ఏటా ఒక చుక్క తగ్గిస్తూ పోయింది. ఇప్పుడు ఆ చుక్కలు లెక్కపెట్టి కత్తి పుట్టిన ఏడాది చెబుతారు. తెరిచేటప్పుడు బద్ద పలికే పలుకును కూడా వాళ్లు శ్రద్ధగా విని అంచనా వేస్తారు. నవాహ కర్రాకాకు అది దూరపు బంధువు. చూపు, చప్పుడు, ముద్ర మిగిలాయి. కోయడం ఒక్కటే పోయింది.

స్పెయిన్‌లో ఈ పరిణామాన్ని చట్టమే పూర్తిచేసింది. 1993 నాటి ఆయుధనియమావళి (137/1993 రాజశాసనం) ప్రకారం అలుగు 11 సెంటీమీటర్లకు మించిన మడతకత్తిని అమ్మడం, కొనడం, కలిగి ఉండటం నిషిద్ధం. దానికొక మినహాయింపు ఉంది. సివిల్ గార్డు పర్యవేక్షణలో తయారుచేయవచ్చు, అమ్మవచ్చు. స్వగృహంలో మాత్రమే, అలంకరణకు, సేకరణకు మాత్రమే ఉంచుకోవచ్చు. ఈ వాక్యాన్ని సాహిత్యవిద్యార్థులు ఒకసారి నిదానంగా చదవాలి. పెద్ద నవాహకు చట్టబద్ధమైన అస్తిత్వం ఒక్క సేకరణలోనే ఉంది. సేకర్త సంప్రదాయాన్ని కాపాడటం అటుంచి, సేకర్త అనే పాత్ర లేకపోతే ఆ వస్తువు తయారే కాదు. 1761 శాసనం వస్తువునే చూసింది. 1993 శాసనం చేతిని కూడా చూసింది, ఆ చేయి ఖాళీగా ఉండాలన్నది.

ఈ చట్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. వీధుల్లో అంత పొడవు కత్తులు తిరగకపోవడం మంచిదే. నా విమర్శ దాని ఫలితాన్ని 'సంప్రదాయం' అని పిలవడం మీద.

అల్బసెతేలో ప్రధాన దేవాలయానికి ఎదురుగా, ఆకుపచ్చని పలకలు తాపడం చేసిన పాతభవనంలో 2004 నుంచి కత్తుల ప్రదర్శనశాల నడుస్తోంది. పనివాళ్ల పనితనానికి అది న్యాయమైన స్మారకమే. ఆ పట్టణానికి కత్తి ఇప్పటికీ బతుకుతెరువు గనుక అక్కడి చీటీల్లో ఊరి గర్వం ఉండటం సహజం. అయినా ప్రదర్శనశాల స్వభావం ఒకటి ఉంటుంది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో నూర్జహాన్‌దిగా చెప్పే రత్నఖచితమైన పండ్లకత్తిని చూసినప్పుడు నాకది అర్థమైంది. పండు కోయడానికి పుట్టిన కత్తి అది; రత్నాల ముందు పండు ఎవరికీ గుర్తురాదు. పోల్చిచూస్తే మన దసరా ఆయుధపూజలో కూడా కత్తులూ కొడవళ్లూ రంపాలూ వరుసగా పేర్చి, కడిగి, పసుపుకుంకాలు పెట్టి చూపుతారు. అదీ ప్రదర్శనే. అయితే ఆ పూటకు పని మానిన పనిముట్లు మర్నాడు మళ్లీ పనిలోకి వెళతాయి. కల్లుగీత కార్మికుని గీతకత్తికి పూజ ఉంది గాని గాజుబీరువా లేదు. అరిగిపోయేదాకా దానికి సానే గతి.

మళ్లీ మెరిమే దగ్గరకు వస్తాను. ఉరిశిక్ష పడిన హోసెను పండితుడు జైల్లో కలుస్తాడు, చుట్టలు తీసుకెళ్లి ఇస్తాడు, కథంతా రాబడతాడు. ఆ పరిచయంలో అతనికి చేరే వస్తువులను లెక్కిస్తే రెండే. కార్మెన్ కోసం పోగొట్టుకున్న తన గంటలు కొట్టే గడియారం దొరికిందని, తిరిగి ఇస్తారని దొమినికన్ సన్యాసి చెబుతాడు. పాంప్లోనాలో ఒకామెకు అందజేయమని హోసె చిన్న వెండి పతకం అప్పగిస్తాడు. గడియారం పండితునిది, పతకం పరాయిది. హోసె గొయ్యి కప్పి, గుర్రమెక్కి కొర్దోబా చేరి, మొదట కనిపించిన కావలిశిబిరంలో లొంగిపోయాడు. సమాధి ఎక్కడుందో చెప్పలేదు. మట్టికొట్టుకుపోయిన ఆ ఒంటికన్నువాడి కత్తి ఏమైందో అతడు చెప్పలేదు. ముండా యుద్ధస్థలాన్ని గుర్తించడానికి అన్ని ప్రశ్నలు వేసుకున్న పండితుడూ దాన్ని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.